పెట్టె విమానమా, కట్టిన విమానమా?

పదో తరగతి పరీక్షలు రాసేసిన కుర్రాడు ఈ సెలవుల్లో రేడియో కంట్రోల్ విమానం ఎగరెయ్యడం నేర్చుకుంటానన్నాడు. తండ్రిది విజయవాడ. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కాడెట్, బాల్సా కర్రతో మోడళ్ళు చెక్కి ఎగరేసిన మనిషి. మేనమామ తెనాలిలో ఉంటాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల చేత ఫోమ్ బోర్డు విమానాలు కట్టిస్తుంటాడు. చిత్రమేమిటంటే, చేత్తో కట్టడంలో ఆరితేరిన తండ్రే రెడీమేడ్ కొందామంటాడు. కొత్తవాడికి ముందుగా ఏమేం కొనాలన్న దగ్గర బావాబావమరుదుల మధ్య మొదలైన వాదన ఇది.

బావమరిది: బావగారూ, బాల్సా చెక్కిన చేతులతో మీరే పెట్టె కొందామంటే మా కాలేజీ పిల్లలకి నేనేం ముఖం పెట్టుకుని చెప్పను?

బావ: చెక్కినవాణ్ణి కాబట్టే చెబుతున్నానయ్యా. నెలపాటు కూర్చుని రిబ్బులు కోసి, టిష్యూ అతికించి, డోపు పూసి కట్టిన విమానం చేతిలోంచి వదిలిన పది సెకన్లకే ముక్కు నేలకి కొట్టిందనుకో, ఆ కుర్రాడు మళ్ళీ బ్లేడు ముట్టుకోడు. అలా మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. నా చీటీ చిన్నది. రెడీ టు ఫ్లై పెట్టె ఒకటి. విమానం, రేడియో, బ్యాటరీ, ఛార్జరు అన్నీ అందులోనే వస్తాయి. విడిగా ఇంకో బ్యాటరీ, అరడజను ప్రొపెల్లర్లు తీసుకుందాం. ఆదివారం పొద్దున్నే ఎగరేద్దాం.

బావమరిది: సోమవారం సంగతేమిటి?

బావ: సోమవారం ఏముంది?

బావమరిది: ఆదివారం విరిగిన విమానం ఉంటుంది. మొదటి విమానం విరుగుతుందన్న దాంట్లో మనిద్దరికీ పేచీ లేదుగా! అందుకే ఏవి పోతాయో, ఏవి నిలుస్తాయో చూసుకుని డబ్బు పెట్టమంటాను. ప్రొపెల్లరు పోతుంది, రెక్క పోతుంది, తోక పోతుంది, రెక్క, తోక మీది పలకల్ని తిప్పే సర్వోలో ప్లాస్టిక్ గేర్ల పళ్ళు పోతాయి. రేడియో నేల మీదే ఉంటుంది. ఛార్జరు ఇల్లు కదలదు. ఆ రెండూ మంచివి కొంటే వాడి బీటెక్ అయ్యేదాకా పనికొస్తాయి. చవక పెట్టెలు కట్టేవాళ్ళు డబ్బు మిగుల్చుకునేది సరిగ్గా ఆ రెండింటి దగ్గరే. ఆ రేడియో ఆ ఒక్క విమానానికే పనిచేస్తుంది. విమానం పోతే అది కూడా అటకెక్కుతుంది.

బావ: రేడియోలో అంత చూడాల్సిందేముంది? థ్రాటిల్, తోక మీది ఎలివేటర్, రడ్డర్, రెక్క మీది ఐలరాన్. నాలుగు చానళ్ళు చాలు. మా రోజుల్లో రేడియో కొనడమంటే క్రిస్టల్ చూసుకోవడం. ఫీల్డులో ఒక బోర్డు ఉండేది. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో క్లిప్పు. నీ నంబరు క్లిప్పు నీ దగ్గర ఉంటేనే స్విచ్చు వెయ్యాలి. అదే నంబరు మీద ఇంకొకడు తెలియక ఆన్ చేశాడా, గాల్లో ఉన్న విమానం ఎవరి మాటా వినదు, రాయిలా పడుతుంది. ఇప్పుడు అంతా 2.4 గిగాహెర్ట్జ్. రేడియో, రిసీవరు ఒకదాన్నొకటి గుర్తుపట్టుకుని ఫ్రీక్వెన్సీలు గెంతుకుంటూ పోతాయి. పక్కవాడి రేడియోతో బాధ లేదు. ఇంకేం కావాలి?

బావమరిది: నాలుగు కావాలి. ఆరు చానళ్ళు ఉండాలి, ఎందుకో చివర చెబుతాను. మోడల్ మెమరీ ఉండాలి. ఒక్కో విమానానికి ట్రిమ్ములు, సర్వో దిశలు వేరుగా ఉంటాయి కాబట్టి రెండో విమానం కొన్న రోజున మొదటిదాని సెట్టింగులు చెరిగిపోకూడదు. కంప్యూటర్‌కి తగిలిస్తే సిమ్యులేటర్ ఆడాలి. అన్నిటికంటే ముఖ్యం ట్రైనర్ పోర్టు, అంటే నేర్పేవాడి రేడియోకి తీగ కలిపే చోటు. మా కాలేజీలో ఉన్న ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 ఖరీదైనదేం కాదు. ఆరు చానళ్ళు, ఇరవై మోడళ్ళ మెమరీ, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఇంకాస్త కొత్తది కావాలంటే రేడియోమాస్టర్ పాకెట్ ఉంది, యూఎస్‌బీ తీగ గుచ్చితే నేరుగా జాయ్‌స్టిక్ అయిపోతుంది. రెండింటిలో ఏదైనా సరే, మోడ్ 2లో కొనాలి. ఎడమచేతి కింద థ్రాటిల్, రడ్డరు. కుడిచేతి కింద ఎలివేటరు, ఐలరాన్. పక్కన నిలబడి నేర్పేది నేను, నా చెయ్యి మోడ్ 2లో కుదిరింది.

బావ: సరే, రేడియో విడిగా కొందాం. అక్కడ నీ మాటే. విమానం దగ్గర మాత్రం తగ్గను. నేర్చుకునేవాడికి అన్నిటికంటే అవసరమైన పరికరం ఏమిటో చెప్పనా? తిన్నగా ఎగిరే విమానం. వాడు కుడికి తిప్పాడు, విమానం నేలకి కొట్టింది. తప్పు వాడి చేతిదా, విమానానిదా? మీ పిల్లలు కట్టిన వాటిలో ఒక రెక్క రవ్వంత మెలిపడి ఉంటుంది. మోటారు కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది. తోక వంకర ఉంటుంది. ఇవన్నీ కలిసి విమానాన్ని పక్కకి లాగుతుంటే, కొత్తవాడు తన చెయ్యే సరిగ్గా లేదనుకుంటాడు. అనుభవజ్ఞుడు సర్దుకుంటాడు. వీడికి సర్దుకోవడం ఎలా వస్తుంది? ఫ్యాక్టరీ అచ్చులో పోసిన ఈపీఓ ఫోమ్ విమానానికి ఆ వంకర ఉండదు. పడితే తప్పు వాడిదే. అదీ ఒక సుఖమే కదా, దిద్దుకోవచ్చు.

బావమరిది: ఫ్యాక్టరీ విమానాలన్నీ అంత తిన్నగా వస్తాయని మీకెవరు చెప్పారు? అట్టపెట్టెలో పార్శిల్ వచ్చేసరికి రెక్కలు వంగినవీ ఉంటాయి. అయినా మీరు చెప్పిన తప్పులన్నీ నేల మీదే పట్టుకోవచ్చు. మా వాళ్ళు మొదటిసారి విమానం తెస్తే ముందు దాని వెనక నిలబడమంటాను. తోక నీ వైపు, ముక్కు అటు. కుడి స్టిక్కు కుడికి నెట్టు. కుడి రెక్క మీద ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. స్టిక్కు నీ వైపు లాగు. ఎలివేటరు పైకి లేవాలి. ఎడమ స్టిక్కు కుడికి నెట్టు, రడ్డరు కుడికి తిరగాలి. మొదటి ఎగురుడులోనే కూలిన విమానాలు చూడండి, చాలావాటిలో ఐలరాన్ తిరగబడి ఉంటుంది. కుడికి నెడితే ఎడమకి ఒరుగుతుంది. కుర్రాడు ఇంకా గట్టిగా కుడికి నెడతాడు, అది ఇంకా ఎడమకి పోతుంది. రేడియోలో సర్వో రివర్స్ అని ఒక మీట ఉంటుంది, క్షణంలో సరయ్యే పని. ఆ విమానాన్ని తన చేత్తో కట్టినవాడికి ఏ సర్వో ఏ తీగకి, ఏ తీగ రిసీవర్లో ఏ గూటికి పోతుందో తెలుస్తుంది. పెట్టె కొన్నవాడికి పొట్టలో ఏముందో తెలియదు.

బావ: మరి సీజీ, అదే బరువు తూగే చోటు? అది కూడా నేల మీదే పట్టుకుంటారా?

బావమరిది: పట్టుకోకపోతే ఎగరనివ్వను. రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య రెండు వైపులా పెన్నుతో గుర్తు పెడతాం. ఆ గుర్తుల కింద రెండు చూపుడు వేళ్ళు పెట్టి ఎత్తాలి. ముక్కు రవ్వంత కిందికి వాలితే మంచిదే, కొత్తవాడికి ఇంకా మంచిది. తోక కిందికి దిగితే మాత్రం ఎగరెయ్యకూడదు. ముక్కు ఎత్తుకుంటూ, వేగం పోయి, స్టాల్ అయి పడుతుంది. చేసేదల్లా బ్యాటరీని ముందుకు జరపడమే. అందుకే బ్యాటరీ గదిలో వెల్క్రో పొడుగ్గా అతికించమంటాను. పెట్టె విమానంలో బ్యాటరీ ఎక్కడుండాలో వాళ్ళే గూడు కట్టేస్తారు, కాబట్టి వీడు అసలా ప్రశ్నే వేసుకోడు. రేపు వేరే బరువున్న బ్యాటరీ పెట్టిన రోజున తెలుస్తుంది.

బావ: బాగానే చెప్పావు. ఇప్పుడు బరువు సంగతి చెప్పు. మీరు కట్టేది దేంతో?

బావమరిది: ఫోమ్ బోర్డు. షాపు బోర్డులు రాసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. కొందరు కోరో షీటు వాడతారు. లోపల వెదురు పుల్లలు, పైన ప్యాకింగ్ టేపు, జిగురుకి గ్లూ గన్. రెక్క 1.2 మీటర్లు. ముందు ఏ2212 మోటారు, 1000 కేవీది. మోటారు వేగం మార్చే 30 యాంపియర్ల ఈఎస్‌సీ, 10 అంగుళాల ప్రొపెల్లరు, తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు, మూడు సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊళ్ళో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్ళినా ఈ సామాను దొరుకుతుంది. రెక్క విరిగితే సాయంత్రానికి కొత్త రెక్క. మీ ఈపీఓ రెక్క విరిగితే అదే మోడల్ రెక్క కోసం ఎన్నాళ్ళు ఎదురుచూస్తారు? దొరక్కపోతే?

బావ: కోరో షీటు రెక్క ఎప్పుడైనా తూచావా? బరువైన విమానం గాల్లో నిలబడాలంటే వేగంగా పోవాలి. వేగంగా పోయేదాన్ని వేగంగా దించాలి. కొత్తవాడికి కావలసింది నెమ్మదిగా తేలే విమానం. వెడల్పు రెక్క, తక్కువ బరువు. నువ్వు చెప్పిన ఫోమ్ బోర్డయితే ఒప్పుకుంటా. ఇంకో మాట. మోటారు ముక్కు మీద పెట్టావు. మొదటి పదిసార్లు దిగేటప్పుడు ముందు నేలకి తగిలేది ప్రొపెల్లరే. మల్టిప్లెక్స్ ఈజీస్టార్, హాబీకింగ్ బిక్స్‌లర్ లాంటివి చూడు. మోటారు రెక్క వెనకాల, పైన ఉంటుంది. పొట్ట మీద గడ్డిలో జారినా ప్రొపెల్లరు నేలకి అందదు. ప్రొపెల్లరు వెనకాల ఉంది కాబట్టి ఎవరికైనా తగిలినా ముందు ముక్కు ఫోమే తగులుతుంది. మీ ఏ2212 ప్రొపెల్లరు వేళ్ళకి తగిలితే ఏమవుతుందో తెలుసుగా?

బావమరిది: కేవీ అంటే ఖాళీగా తిరిగేటప్పుడు ఓల్టుకి అన్ని చుట్లు. 11.1 ఓల్టులకి నిమిషానికి 11,100. ప్రొపెల్లరు బిగిస్తే తగ్గుతుంది, అయినా వేలు తెగడానికి అది చాలు. అందుకే బల్ల మీద సర్వోలు సరిచూసేటప్పుడు ప్రొపెల్లరు తీసెయ్యాలి. ముందు రేడియో ఆన్, తర్వాత విమానానికి బ్యాటరీ. దిగాక ముందు బ్యాటరీ పీకి, తర్వాత రేడియో ఆఫ్. థ్రాటిల్ కట్ ఒక స్విచ్చు మీద ఉండాలి. ఇది పెట్టె విమానానికైనా, కట్టినదానికైనా ఒకటే. కానీ చేత్తో కట్టినదాన్ని అంత తీసిపారెయ్యకండి బావగారూ. 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ అనే అమెరికన్ పెద్దాయన కట్టిన మోడల్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయల్దేరి అట్లాంటిక్ దాటి ఐర్లండ్‌లో దిగింది. 3,000 కిలోమీటర్ల పైన, దాదాపు 39 గంటలు. ఇంధనంతో కలిపి 5 కిలోల లోపు బరువు. బాల్సా కర్ర, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. అప్పటికి ఆయన వయసు 77, చూపు దాదాపు పోయింది, వినికిడీ అంతంతమాత్రం. పెట్టె కొని ఉంటే ఆ పని జరిగేదా?

బావ: ఆ కథ నాకూ తెలుసు. అంతకుముందు పంపినవి సముద్రం పాలయ్యాయన్నది వదిలేశావు. ఇంకోటి కూడా వదిలేశావు. సముద్రం మీద దాన్ని నడిపిందెవరు? జీపీఎస్ చూసుకుంటూ పోయే ఆటోపైలట్. మనుషుల చేతిలో రేడియో ఉన్నది ఎగరేసేటప్పుడూ దించేటప్పుడే. జీవితమంతా మోడళ్ళు ఎగరేసిన ఆయనకే యంత్రం సాయం తీసుకోవడానికి నామోషీ లేదు. రేపు స్టిక్కు పట్టబోయే కుర్రాడికి మనమెందుకు వద్దనాలి? విమానాన్ని తిన్నగా నిలిపే జైరో ఉన్నదే కొందాం.

బావమరిది: వచ్చారండీ అసలు విషయానికి! జైరో మీదే నా గొడవంతా. హాబీజోన్ అప్రెంటిస్ లాంటి వాటిలో బిగినర్ మోడ్ పెడితే విమానం ఒక కోణం దాటి ఒరగదు, స్టిక్కు వదిలేస్తే తనంతట తనే తిన్నగా అవుతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ చేతికి ఏ అలవాటు పడుతుందో ఆలోచించండి. ఆ మోడ్‌లో మలుపు అయ్యేదాకా స్టిక్కు పట్టుకునే ఉండాలి. మామూలు విమానంలో ఒరిగేదాకా ఐలరాన్ ఇచ్చి, స్టిక్కు మధ్యకి తెచ్చి, ఎలివేటరు కొద్దిగా లాగి, మలుపు అయ్యాక ఎదురు ఐలరాన్‌తో తిన్నగా చెయ్యాలి. రెండూ వేరు వేరు విద్యలు. నెలపాటు మొదటిది నేర్చుకున్నవాడు జైరో తీసిన రోజున స్టిక్కు పట్టుకునే ఉంటాడు. విమానం బోర్లా పడుతుంది.

బావ: మీ ఊరి నూతిలో నీకు ఈత నేర్పినప్పుడు వీపుకి బెండ్లు కట్టారా, లేదా?

బావమరిది: కట్టారు. రోజుకొకటి తీసేశారు కూడా.

బావ: అదే నేనూ అనేది. ఆ విమానాల్లో బిగినర్, ఇంటర్మీడియట్, ఎక్స్‌పీరియన్స్‌డ్ అని మూడు మోడ్‌లు ఎందుకు పెట్టారు? ఒక్కొక్క బెండూ తియ్యడానికే. ఇంకో మీట ఉంటుంది, భయమేస్తే నొక్కితే విమానం తిన్నగా అయిపోతుంది. ఆ మీట ఉందన్న ధైర్యంతో కుర్రాడు చెయ్యి వణక్కుండా నేర్చుకుంటాడు.

బావమరిది: బెండు ఎప్పుడు తియ్యాలో గట్టు మీద కూర్చున్నవాడు చూసి తీస్తాడు. మునిగేవాడి చేతికే ముడి ఇస్తే ఎప్పటికీ విప్పడు. ఆ స్విచ్చు కుర్రాడి రేడియో మీద ఉన్నంతకాలం అది బిగినర్ లోనే ఉంటుంది. మా వాళ్ళకి నేనిచ్చే బెండు వేరే. రెక్క పొట్ట కంటే పైన ఉండాలి, రెక్క కొసలు రెండూ పైకి లేచి ఉండాలి. డైహెడ్రల్ అంటారే, అదే. ఒక పక్కకి ఒరిగి జారడం మొదలుపెట్టగానే కిందికి దిగిన రెక్కకి గాలి ఎక్కువ తగిలి పైకి లేస్తుంది. సెన్సరు లేదు, తీగ లేదు, బ్యాటరీ లేదు. థ్రాటిల్ తగ్గించి స్టిక్కులు వదిలేస్తే దానంతట అదే సర్దుకుంటుంది.

బావ: గాలి లేని పొద్దున అయితే సర్దుకుంటుంది. పది గంటలకి సముద్రపు గాలి లేచాక చూద్దాం నీ డైహెడ్రల్ సంగతి.

బావమరిది: పది గంటలకి కొత్తవాడు ఇంట్లో ఉండాలి. ఏడున్నరకల్లా సర్దేసుకోవాలి. అందుకే వాడికి మొదట కొనిపెట్టాల్సింది అలారం గడియారం.

బావ: సరేగానీ, విమానం ఎదురొస్తున్నప్పుడు ఏం చేయిస్తావు? అక్కడే కదా అందరూ పడేసేది. దూరం పోతున్నంతసేపూ కుడి కుడే, ఎడమ ఎడమే. మన వైపు తిరగ్గానే అంతా తారుమారు. అప్పుడు జైరో లేకపోతే ఆ విమానం నీ చేతికి రాదు, చెత్తబుట్టకి వస్తుంది.

బావమరిది: దానికి సిమ్యులేటర్ ఉంది. పికాసిమ్ ఉచితం, సీఆర్‌ఆర్‌సీసిమ్ ఉచితం. రియల్‌ఫ్లైట్ డబ్బు పెట్టి కొనాలి, ఇప్పుడే అక్కర్లేదు. రేడియోని కంప్యూటర్‌కి తగిలించే కేబుల్ ఒక్కటి కొంటే చాలు. స్క్రీన్ మీద ఎన్నిసార్లు కూల్చినా మళ్ళీ మీట నొక్కితే కొత్త విమానం. ఎదురొచ్చేటప్పుడు ఒకటే గుర్తు: ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకి స్టిక్కు నెట్టు. మొదట ఆలోచించి నెడతాడు, కొన్నాళ్ళకి ఆలోచించకుండా నెడతాడు. ఆ దశకి వచ్చేదాకా అసలు విమానం కొననే వద్దంటాను.

బావ: ఎండాకాలం సెలవుల్లో కుర్రాణ్ణి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోబెడతావా? విమానం ఎగరేస్తానన్నవాడికి వీడియో గేమ్ చేతికిస్తే మూడో రోజుకి క్రికెట్ ఆటలోకి దిగిపోతాడు. సిమ్యులేటర్లో భయం ఉండదు. భయం లేనిచోట చెయ్యి నేర్చుకున్నది ఫీల్డులో సగం మర్చిపోతుంది. పొద్దున విమానం, మధ్యాహ్నం ఎండకి సిమ్యులేటర్. రెండూ నడవాలి.

బావమరిది: అలాగైతే ఒప్పుకుంటా. ఇక ఛార్జరు సంగతి. ఇక్కడ మాత్రం బేరమాడకండి. మీ చవక పెట్టెతో వచ్చేది ఎర్ర దీపం, పచ్చ దీపం ఛార్జరు. లైపో సెల్ మామూలుగా 3.7 ఓల్టులు, నిండితే 4.2. మూడు ఓల్టుల కిందికి పోతే పాడవుతుంది. 4.2 దాటించి ఛార్జ్ చేస్తే ఉబ్బుతుంది, మంట కూడా రేగొచ్చు. మూడు సెల్స్ బ్యాటరీకి లావు తీగలతో పాటు సన్నటి తెల్ల ప్లగ్గు ఒకటుంటుంది. బ్యాలెన్స్ ఛార్జరు ఆ ప్లగ్గులోంచి ఒక్కో సెల్‌నీ విడిగా చూస్తుంది. ఒకటి 4.2కి చేరి ఇంకోటి 4.0 దగ్గర ఉంటే ఆగి సమం చేస్తుంది. ఎంత కరెంటుతో ఎక్కించాలో మనం పెట్టుకోవచ్చు. 2200 ఎంఏహెచ్ అయితే 2.2 యాంపియర్లు, గంటలో నిండుతుంది.

బావ: పక్కనే కూర్చోవాలి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోయే పని కాదు. మా కాలంలో నికాడ్ బ్యాటరీలు, వాటితో ఇంత భయం లేదు. వీటిని సిమెంటు గచ్చు మీద, పరుపుకీ కర్టెన్‌కీ దూరంగా పెట్టి, పక్కన ఇసుక బకెట్టు పెట్టాలి.

బావమరిది: అందరూ మర్చిపోయేది స్టోరేజ్. ఆదివారం ఎగరేసి, మిగిలిన నిండు బ్యాటరీని మళ్ళీ ఆదివారందాకా అలాగే బీరువాలో పడేస్తారు. కొన్నాళ్ళకి ఉబ్బి కూర్చుంటుంది. సెల్‌కి 3.8 ఓల్టుల దగ్గర ఉంచాలి. మంచి ఛార్జర్లో స్టోరేజ్ అని మోడ్ ఉంటుంది, నిండుగా ఉంటే దించుతుంది, ఖాళీగా ఉంటే ఎక్కిస్తుంది. మే నెలలో బెజవాడ ఎండలో కారు డిక్కీలో లైపో వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

బావ: అక్కర్లేదు. మా ఆవిడ కారు అది.

బావమరిది: ఎంతసేపు ఎగరెయ్యాలన్నది కూడా లెక్కే. 2200లో ఐదింట నాలుగు వంతులే వాడాలి, అంటే సుమారు 1760. సగటున 8 యాంపియర్లు లాగితే పదమూడు నిమిషాలు. కొత్తవాడు థ్రాటిల్ తగ్గించడు, దించేటప్పుడు రెండుసార్లు తప్పి మళ్ళీ చుట్టు తిరుగుతాడు. అందుకని రేడియోలో టైమరు ఏడు నిమిషాలకి పెడతాం. కూత పెట్టగానే దించాలి. రెండు బ్యాటరీలు ఉంటే ఒక పొద్దుటికి అది చాలు.

బావ: ఎక్కడ ఎగరేద్దాం? బాపట్ల సూర్యలంక తీరం విశాలంగా ఉంటుంది.

బావమరిది: అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది బావగారూ, అటు కన్నెత్తి చూడొద్దు. మీ గన్నవరం వైపూ వద్దు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్‌లో మన మోడళ్ళూ ఉన్నాయి. డిజిటల్ స్కై మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు ఉంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా, విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. 250 గ్రాముల లోపు నానో, ఆపైన 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారానికి కాకపోతే మైక్రోకి కూడా పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మనది కిలో లోపే. విమానం కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. రిజిస్ట్రేషన్ సంగతి ఎగరేసే ముందు ఆ రోజుకి ఏ రూలు ఉందో చూసుకుని చేద్దాం. చోటంటారా, మినుము పీకేశాక మా వైపు పొలాలన్నీ ఖాళీ. రైతుని అడిగి దిగుదాం. కరెంటు తీగలు లేని చెక్క చూసుకోవాలి.

బావ: అయితే చీటీ రాయి. ఆరు చానళ్ళ రేడియో, ట్రైనర్ పోర్టుతో. సిమ్యులేటర్ కేబుల్. బ్యాలెన్స్ ఛార్జరు. 2200 బ్యాటరీలు రెండు. విమానం మాత్రం నాది. రేడియో లేకుండా వచ్చే ఈపీఓ ఫోమ్‌ది, మోటారు రెక్క వెనక ఉన్నది. అది తిన్నగా ఎగరడం చూశాక, రెండో విమానం వాడి చేత నువ్వు కట్టించు. అప్పుడు ఏది వంకరో వాడికే తెలుస్తుంది, పోల్చుకోవడానికి ఒకటి ఉంటుంది కాబట్టి.

బావమరిది: ఆ మాట నాకు నచ్చింది. మొదటిదాని మీద నేనిక గొడవపడను, రేడియో, ఛార్జరు రెండింటి ధర కంటే విమానం ధర ఎక్కువ ఉండకూడదు, అంతే. చీటీలో ఇంకా రాయండి. స్పేర్ ప్రొపెల్లర్లు, ఒక స్పేర్ సర్వో, గ్లూ గన్, ప్యాకింగ్ టేపు, వెల్క్రో, చిన్న స్క్రూడ్రైవర్లు, బ్యాటరీ ఓల్టేజీ చూసే చిన్న మీటరు. ఫెవిక్విక్ వద్దు, ఈపీఓకి ఫరవాలేదుగానీ ఫోమ్ బోర్డు లోపలి థర్మాకోల్‌ని తినేస్తుంది. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఫీల్డుకి తీసుకెళ్ళాలి. ఇల్లు చేరాక బాగుచేద్దామనుకుంటే ఆ పూట పోయినట్టే.

బావ: టోపీ, మంచినీళ్ళు, చలువ కళ్ళద్దాలు కూడా రాయి. సూర్యుడికి ఎదురుగా విమానం పోతే ఎంత మంచి రేడియో ఉన్నా దండగే. ఇక జైరో.

బావమరిది: అందుకే ఆరు చానళ్ళు అన్నది. స్టెబిలైజరు ఉన్న రిసీవరు కొందాం. దాని మోడ్ ఐదో చానల్ మీద పెడదాం. వాడి కొత్త రేడియోకీ మా కాలేజీ రేడియోకీ ట్రైనర్ కేబుల్ వేస్తాను. విమానానికి బైండ్ అయ్యేది నా రేడియో. నేను మీట నొక్కి ఉంచినంతసేపే వాడి స్టిక్కులు పనిచేస్తాయి, వదిలేస్తే కంట్రోల్ నాది. వాడి నుంచి వచ్చేది స్టిక్కులే. స్విచ్చులు నా దగ్గరే ఉంటాయి. జైరో ఉంటుంది, ముడి మాత్రం గట్టు మీద.

బావ: అంటే జైరో ఉండాలన్న నా మాటే నెగ్గింది.

బావమరిది: వాడి చేతిలో ఉండకూడదన్న నా మాటే నెగ్గింది.

బావ: ఒక్క షరతు. విమానం కుదురుగా పోతుంటే అది తన చెయ్యో, జైరోనో వాడికి ఆ క్షణంలోనే తెలియాలి. దిగాక చెబితే లాభం లేదు.

బావమరిది: స్విచ్చు వేసినప్పుడూ, తీసినప్పుడూ గట్టిగా చెబుతాను. మీరు కూడా ఒక మాటివ్వాలి. పక్కన నిలబడి "వెయ్యి, వెయ్యి" అని కేకలు పెట్టకూడదు.

బావ: రేడియో నీ ఇష్టం, ఛార్జరు నీ ఇష్టం, టైమరు నీ ఇష్టం. అది మాత్రం మాటివ్వలేనయ్యా.